ఒకవైపు స్వరతంత్రి కదలకపోతే గొంతు కంపనాల కంప్యూటర్ నమూనాలో దాన్ని ఎలా చూపాలి?

నమస్కారం. నేను గుంటూరులో ఎంటెక్ చదువుతున్నాను. బ్రాడీపేటలో పిల్లలకు ట్యూషన్ చెప్పే మా అమ్మకు థైరాయిడ్ ఆపరేషన్ తరువాత ఎడమ స్వరతంత్రి కదలడం మానేసింది. తంత్రుల కంపనాన్ని మినుకుమినుకుమనే వెలుగులో నెమ్మదిగా చూపే స్ట్రోబోస్కోపీ తెర మీద డాక్టరు గారు చూపించినప్పుడు కుడిది మధ్యకు వచ్చి ఆగుతుంటే, ఎడమది పక్కనే ఉండిపోయి గాలికి తడిగుడ్డ అంచులా అల్లాడింది. పన్నెండో ఎక్కం సగానికే ఆమెకు ఊపిరి చాలడం లేదు.

ఒక్కో తంత్రిని కింద ఒకటి, పైన ఒకటి స్ప్రింగులతో కలిసిన రెండు ద్రవ్యరాశులుగా భావించే ఇషిజాకా, ఫ్లానగన్‌ల 1972 నాటి నమూనాను, ఎడమ కుడి తేడాల కోసం స్టైనెకె, హెర్జెల్ 1995లో సరళీకరించిన రూపంలో పైథాన్ ప్రోగ్రామ్‌గా రాశాను. ఊపిరితిత్తుల పీడనాన్ని 8 సెంటీమీటర్ల నీటిమట్టంగా తీసుకుంటే, రెండు వైపులూ సమానంగా ఉన్నప్పుడు కంపనం నిలకడగా వస్తోంది. ఎడమవైపు బిగువును సగానికి తగ్గిస్తే లయ తప్పి గరగరలాడుతోంది. అమ్మ గొంతు మాత్రం గరగర కాదు, గాలి కలిసిన గుసగుస. కాబట్టి అసలు లోపం బిగువులో కన్నా తంత్రుల మధ్య మూసుకోని సందులో ఉందని నా అనుమానం.

విశ్రాంతి స్థితిలోని ఆ సందును ఎడమవైపు మాత్రమే పెంచడం సరైనదేనా? సుడులు తిరిగే గాలి వల్ల పుట్టే హోరును ఈ సమీకరణాలకు ఎలా కలపాలి? బిగువు, సందు, పీడనం వేర్వేరుగా మారినా ఒకే రకమైన ధ్వని రావచ్చు కదా, అలాంటప్పుడు ఫోన్‌లో రికార్డు చేసిన ‘ఆ’కారం ఒక్కదాని నుంచి వాటిని విడదీయగలమా, లేక నోటి గాలి ప్రవాహాన్ని కూడా కొలవక తప్పదా? విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో స్పీచ్ థెరపీ చేసేవారు ఎవరైనా ఆ కొలత తీసే పద్ధతి చెప్పగలిగితే ఎంతో మేలు చేసినవారవుతారు.