చిన్న మిల్లింగ్ మెషిన్‌లో కాలమ్ వాలును సరిచేయడం ఎలా?

అభిరుచి కొద్దీ చిన్న మిల్లింగ్ మెషిన్‌పై అల్యూమినియం పని నేర్చుకుంటున్నాను. మొదట 6 మి.మీ. ఎండ్ మిల్‌ను (కొనతోనూ పక్కలతోనూ కోసే కట్టర్) డ్రిల్ బిట్లను పట్టే డ్రిల్ చక్‌లో బిగించి కోయగా, పక్క ఒత్తిడికి అది జారి కిందికి దిగి, చదునుగా రావలసిన గాడి ఒకవైపు లోతుగా వచ్చింది. కట్టర్‌ను చుట్టూ గట్టిగా పట్టే కాలెట్ వాడటం మొదలుపెట్టాక ఆ బాధ తప్పింది. తరువాత, టేబుల్ స్క్రూలో బ్యాక్‌లాష్ (స్క్రూకూ దాని నట్టుకూ మధ్య వదులు) ఉందని తెలిసి కూడా క్లైంబ్ మిల్లింగ్ (కట్టర్ పళ్లు కదిలే దిశలోనే పనిముక్కను నడిపి కోయడం) చేశాను. కట్టర్ పనిముక్కను తనవైపు లాక్కుని విరిగింది. అది నా తొందరపాటే.

ఇప్పటి సమస్య వేరు. టేబుల్‌ను ముందు వెనుకలుగా నడుపుతూ 16 మి.మీ. కట్టర్‌తో ఉపరితలం చదును చేస్తే, ఒక వరుసకూ పక్క వరుసకూ మధ్య గోటికి తగిలే మెట్టు మిగులుతోంది. కట్టర్‌ను తిప్పే స్పిండిల్‌కు డయల్ ఇండికేటర్ (సూక్ష్మమైన తేడాలు చూపే ముల్లు కొలమానం) అమర్చి తిప్పి చూడగా, ఎడమ కుడుల మధ్య 150 మి.మీ. దూరానికి 0.12 మి.మీ. తేడా కనిపించింది. అంటే స్పిండిల్‌ను మోసే నిలువు స్తంభం, కాలమ్, పక్కకు వాలి ఉంది. దానిని సరిచేసిన ప్రతిసారీ, వెనుకనున్న పెద్ద నట్టును బిగించేటప్పుడు అది మళ్లీ కదులుతోంది.

బిగింపులో కదలకుండా దానిని నిలిపే పద్ధతి ఏమిటి? అంతకుముందే గిబ్‌ల (జారే భాగాల మధ్య సందును సర్దే పట్టీలు) వదులును సరిచూడాలా? అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.