మనుషుల్ని, చోట్లని చూసి వర్ణించడం ఎలా ప్రాక్టీస్ చేస్తారు?

ప్రశ్న:
కథలు రాస్తున్నా, సంభాషణలు బానే వస్తాయి కానీ వర్ణన దగ్గరికొచ్చేసరికి "పాత గది, ఒక ముసలాయన కూర్చున్నాడు" అని రాసి ఆగిపోతా. గంటసేపు కూర్చుని చూసినా ఏం పట్టుకోవాలో తెలీట్లేదు. మీరెలా చూస్తారు?

జవాబు 1:
ముందు వాసన రాసుకోండి. ముక్కు కొద్ది నిమిషాల్లోనే అలవాటు పడిపోతుంది, తర్వాత ఆ వాసన ఉన్నట్టే అనిపించదు, అందుకే లోపలికి అడుగు పెట్టగానే నోట్ చేసుకోవాలి. తర్వాత కళ్ళు మూసుకుని శబ్దాలు, దగ్గరివి వేరు, దూరంనుంచి వచ్చేవి వేరు. కంటికి కనబడేవి ఆఖర్న.

జవాబు 2:
మనుషుల విషయంలో నేను మొహం కన్నా చేతులు చూస్తానండి. మొహాన్ని సర్దుకుంటారు గానీ చేతుల మీద అంత ధ్యాస ఉండదు. ఒకసారి వెయిటింగ్ హాల్లో ఒకావిడ కవర్లోంచి కాయితం తీసి చదివి మళ్ళీ అవే మడతల్లో లోపల పెట్టేయడం, కాసేపటికి మళ్ళీ తీయడం, అలా నాలుగుసార్లు చూశా. ఇంక "కంగారుగా ఉంది" అని రాయక్కర్లేదు కదా. మీ ముసలాయన కూర్చున్నాడు సరే, ఎలా కూర్చున్నాడు? కుర్చీ అంచునా, వెనక్కి జారబడా? అన్నట్టు, మరీ కళ్ళప్పగించి చూడకండి, వాళ్ళకి ఇబ్బంది, పైగా ఎవరో చూస్తున్నారని తెలిస్తే మనిషి తీరే మారిపోతుంది.

జవాబు 3:
చూసిందంతా కథలో పెట్టేయకండి. పేజీడు నోట్స్ ఉన్నా ఆ చోటికి మాత్రమే అతికే రెండు మూడు వివరాలు చాలు.

ప్రశ్న అడిగినవారు:
చేతుల సంగతి అస్సలు తట్టలేదండి, చాలా థ్యాంక్స్. రేపు లైబ్రరీకి వెళ్ళి వాసనతోనే మొదలుపెడతా.