టినిక్లింగ్‌ని ‘వెదురు కోలాటం’ అనవచ్చా?

ప్రశ్న: ఫిలిప్పీన్స్ జానపద నృత్యం టినిక్లింగ్ గురించి పిల్లల కోసం రాస్తున్నాను. ‘వెదురు కోలాటం’ అంటే సరిపోతుందా అండీ?

జవాబు: వద్దండీ. కోలాటంలో కోలలు ఆడేవాళ్ల చేతుల్లోనే ఉంటాయి. ఇక్కడ రెండు పొడవాటి వెదురు గడలను అడ్డచెక్కల మీద పరిచి, ఈ కొసన ఒకరు, ఆ కొసన ఒకరు కూర్చుని పట్టుకుంటారు. లెక్క మూడు మాత్రలు. ఒక దెబ్బకు గడలు రెండూ ఒకదానికొకటి తగులుతాయి, తక్కిన రెండు దెబ్బలూ చెక్కల మీద పడతాయి. ఆ రెండు దెబ్బల సందులోనే కాలు లోపల పెట్టి, గడలు మూసుకునేలోగా తీసేయాలి. గడలు పట్టినవాళ్లే తాళం వేసేవాళ్లు కూడా. ‘కోలాటం’ అనగానే ఇదంతా పోతుంది. ఉత్త ‘వెదురు నృత్యం’ అన్నా చిక్కే, మిజోరం వాళ్ల చెరావ్‌నూ అలాగే అంటున్నాం.

పేరు అలాగే ఉంచండి. వాళ్ల ‘త’ మన ‘త’లాగే పళ్లకు తగిలి పలుకుతుంది కనుక ‘తినిక్లింగ్’ అని రాస్తే ఇంకా మేలు. తిక్లింగ్ అంటే నీటికోళ్ల జాతి పక్షి. ఆ మాట నడుమ ‘ఇన్’ చేరి తినిక్లింగ్ అయింది. మన ప్రత్యయాలు మాట చివర చేరతాయే గాని ఇలా పొట్టలో దూరవు. సంస్కృతంలో రుధ్ ధాతువు నడుమ ‘ణ’ దూరి ‘రుణద్ధి’ కావడం దీనికి దగ్గర. వాళ్ల పుల్లటి పులుసు సినిగాంగ్ కూడా ‘సిగాంగ్’ నుంచి ఈ పద్ధతిలోనే పుట్టింది. లెయ్తె ద్వీపంలో పుట్టిన ఈ నృత్యంలో అడుగులన్నీ ఆ పక్షి నడకను చూసి కట్టినవే.

ప్రశ్న: దుస్తులు, వాద్యాల పేర్లో?

జవాబు: అవీ మార్చకండి, పక్కన ఒక వాక్యం చేర్చండి చాలు. ఆడవాళ్లకు నిటారుగా నిలిచే చేతులున్న బలింతవాక్, లేదా గళ్ల పతద్యోంగ్. పతద్యోంగ్‌ని ‘లుంగీ’ అంటే మన పాఠకుడికి మగవాడు కనిపిస్తాడు. ‘గొట్టంలా కుట్టిన గళ్ల చుట్టుబట్ట’ అనండి. మగవాళ్లకు బరోంగ్, అంటే బయటికి వదిలే పల్చటి చొక్కా. మేలురకం బరోంగ్‌ని అనాస ఆకుల నారతో నేస్తారు. కాళ్లకు చెప్పులుండవు.

పక్కవాద్యం రొందాల్యా, స్పెయిన్ పాలనలో వచ్చిన తీగవాద్యాల మేళం. అందులో పాట నడిపేది 14 తీగల బందుర్యా. దాన్ని దయచేసి ‘వీణ’ చేయకండి, అది చిన్న పలకతో మీటే వాద్యం. 1920ల నుంచి ఊళ్లు తిరిగి ఈ నృత్యాలను సేకరించిన ఫ్రాన్సిస్కా రేయెస్ అకీనో అడుగులతో పాటు దుస్తులు, సంగీతం కూడా రాసిపెట్టారు. మీరూ మూడింటికీ చోటివ్వండి.