చూసిన గుడి, ఉన్న గుడి: విచ్ ఎక్కడ, వేర్ ఎక్కడ?

పరకాల నుంచి ప్రశ్న: అన్నా, మా పదో తరగతి పిల్లలు "రామప్ప ఈజ్ ద టెంపుల్ వేర్ వి విజిటెడ్" అని రాస్తున్నారు. వేర్ కాదు, విచ్ అంటే "గుడి అంటే చోటే కదా మేడం" అంటున్నారు. ఏమని చెప్పాలి?

హనుమకొండ నుంచి జవాబు: చెల్లే, పిల్లల తప్పేం లేదు. మనుషులకు హూ, వస్తువులకు విచ్, చోటుకు వేర్, కాలానికి వెన్ అని బోర్డు మీద రాసి బట్టీ పట్టించింది మనమే. వాళ్లు దాన్నే పాటిస్తున్నారు. నేనూ చాలా ఏళ్లు అలాగే చెప్పాను. ఇప్పుడు తెలుగులోంచే మొదలుపెడుతున్నాను.

నేను రాసిన ఉత్తరం, నేను రాసిన పెన్ను, నేను రాసిన బల్ల, నేను రాసిన రోజు. నాలుగు చోట్లా "రాసిన" ఒక్కటే. అయినా ఉత్తరాన్ని రాశాను, పెన్నుతో రాశాను, బల్ల మీద రాశాను, ఆ రోజున రాశాను అని మనకు తెలిసిపోతుంది. ని, తో, మీద, న అన్నీ రాలిపోయినా వినేవాళ్లు మనసులో పూరించుకుంటారు. "రాసిన" లాంటి, క్రియ నుంచి పుట్టి నామాన్ని వర్ణించే మన ధాతుజ విశేషణానికి ఉన్న బలం అది, నాకు ఎంత చెప్పినా తనివి తీరదు. ఇంగ్లీషుకు ఆ వీలు లేదు. రాలిన విభక్తి పని అక్కడ విచ్, విత్ విచ్, ఆన్ విచ్, వెన్ చేస్తాయి.

అందుకే పిల్లలతో ముందు వాక్యాన్ని విడదీయించు. రామప్ప గుడిని చూశాం. "ని" వచ్చింది కాబట్టి విచ్ లేదా దట్. రామప్ప గుడిలో మధ్యాహ్నం దాకా ఉన్నాం. "లో" వచ్చింది కాబట్టి వేర్. గుడి అదే, క్రియ మారింది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన గుడి అంటే? గుడిని చేర్చింది, విచ్. ఆ గుడి ఉన్న పాలంపేట అంటే? పాలంపేటలో ఉంది, వేర్.

కాలానికీ ఇదే లెక్క. "నేను మరిచిపోలేని రోజు" అనగానే పిల్లలు వెన్ రాసేస్తారు. రోజును మరిచిపోలేను కదా, అక్కడ దట్ రావాలి. "నేను పుట్టిన రోజు" అయితే ఆ రోజున పుట్టాను, వెన్ సరిపోతుంది.

హూజ్ దగ్గర మాత్రం కాస్త ఆగి చెప్పు. "కొడుకు దుబాయి పోయిన తల్లి" అంటే మన దగ్గర ఎవరికైనా అర్థమవుతుంది. తల్లి పోలేదు, ఆమె కొడుకు పోయాడు. ఆ "ఆమె"యే హూజ్. "కాలు విరిగిన బల్ల"కూ హూజ్ వాడొచ్చు, అది మనుషులకే అనుకోవద్దు.

జగిత్యాల నుంచి: సార్, "ఏ గుడినైతే చూశామో ఆ గుడి" అని చెప్పిస్తే ఇంకా సులువు కాదా? తెలుగులో అది కృతకంగా ఉంటుందని ఇక్కడ చాలామంది కొట్టేస్తారు.

హనుమకొండ: కృతకమే, వ్యాసంలో రాస్తే నేనూ కొట్టేస్తాను. కానీ ఈ పనికి బాగా అక్కరకొస్తుంది. ఏ గుడినైతే, ఏ గుడిలోనైతే, ఏ తల్లి కొడుకైతే అన్నప్పుడు రాలిపోయిన విభక్తి మళ్లీ పైకి కనిపిస్తుంది. నోటితో అనిపించండి, నోట్సులో రాయించకండి.

పరకాల: మరి హూ, విచ్ ముందు కామా పెట్టాలా వద్దా, ఆ సంగతేంటి అన్నా?

హనుమకొండ: దానికి ఈ ఉపాయం పనికిరాదు చెల్లే. "సూరత్‌లో ఉండే మా అన్న" అంటే అన్న ఒక్కడేనా, ఇంకా ఉన్నారా అన్నది తెలుగు చెప్పదు. ఒక్కడే అయితే కామా పెట్టి హూ రాయాలి, అక్కడ దట్ కుదరదు. ఇద్దరు ముగ్గురుంటే కామా వద్దు. ముందు ఇంట్లో ఎంతమంది అన్నలో పిల్లలను అడుగు.