బ్లాక్ ఘోస్ట్ చేప రాత్రి కూడా గొట్టం వదిలి రావడం లేదు, నీరు మసకబారింది

ప్రశ్న – విజయవాడ నుంచి

నాలుగు నెలల క్రితం జానెడు కంటే చిన్నదైన బ్లాక్ ఘోస్ట్ నైఫ్ ఫిష్‌ను కొని, మా 80 లీటర్ల అక్వేరియంలో మూడు గోల్డ్ ఫిష్‌లతో పాటు ఉంచాను. పగలంతా పీవీసీ గొట్టంలో దాక్కుని, లైటు ఆర్పిన అరగంటకు బయటికి వచ్చి తినేది. రెండు వారాల క్రితం ఫిల్టర్ స్పాంజి గోధుమరంగు జిగురుతో నిండిపోయిందని, దాన్ని కుళాయి కింద పెట్టి నీరు తేటగా కారేదాకా పిండి కడిగాను. అదే రోజు తొట్టిలో సగానికి పైగా నీళ్లు కూడా నేరుగా కుళాయి నుంచే మార్చాను. వారం రోజులుగా చేప రాత్రి కూడా బయటికి రావడం లేదు, గొట్టంలో ఒక పక్కకు ఒరిగి పడుకుంటోంది. రాత్రి వేసిన బ్లడ్ వార్మ్స్ (మేతగా వేసే ఎర్ర పురుగులు) ముద్ద తెల్లవారినా అలాగే ఉంటోంది, నీరు పాలు కలిపినట్టు కనిపిస్తోంది. కొన్న దుకాణంలో ఒక నీలం రంగు మందు ఇచ్చి పూర్తి మోతాదు వేయమన్నారు. వేయవచ్చునా? దయచేసి తెలిసినవారు చెప్పండి.

జవాబు – హైదరాబాద్ నుంచి

మందు వేయకండి. ముందు నీటిలో అమోనియా, నైట్రైట్, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) పరీక్షించండి. నేను పదకొండేళ్లుగా ఈ జాతిని పెంచుతున్నాను. మీరు రాసిన లక్షణాలలో ఒరిగి పడుకోవడం ఒక్కటే అయితే నేను కంగారుపడేవాణ్ణి కాదు, ఎందుకంటే ఆరోగ్యంగా ఉన్న బ్లాక్ ఘోస్ట్ కూడా పగటిపూట పక్కకు వాలి విశ్రాంతి తీసుకుంటుంది. రాత్రి తిండి మానేయడం, నీరు పాలవడం, అంతకుముందే ఫిల్టర్ కడగడం అనే మూడూ కలిస్తే మాత్రం కారణం నీటిలోనే ఉంటుంది.

మీరు పిండి పారబోసిన ఆ గోధుమరంగు జిగురులోనే చేప విసర్జించే అమోనియాను నైట్రైట్‌గానూ, ఆ నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గానూ మార్చే బ్యాక్టీరియా నివసిస్తుంది. కుళాయి నీటిలోని క్లోరిన్ దాన్ని చంపుతుంది. స్పాంజిని ఎప్పుడైనా తొట్టిలో నుంచి తీసిన నీళ్లలోనే, బకెట్‌లో రెండు మూడు సార్లు ముంచి పిండితే చాలు. అదీ ప్రవాహం తగ్గినప్పుడే.

మీరు ఇంకో విషయం గమనించాలి. అమోనియా ఎంత ఉందన్నది ఎంత ముఖ్యమో, పీహెచ్ కూడా అంతే ముఖ్యం. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే మొత్తం అమోనియాలో విషపూరితమైన భాగం దాదాపు పది రెట్లవుతుంది, వేడి పెరిగినా అది పెరుగుతుంది. కాబట్టి మీ వేసవిలో, క్షారగుణం ఉన్న నీటిలో, అమోనియా పరీక్ష కిట్‌లో కనిపించే కొద్దిపాటి రంగును కూడా తేలిగ్గా తీసుకోకండి.

మలకైట్ గ్రీన్, రాగి కలిసిన మందులు ఈ చేపకు త్వరగా హాని చేస్తాయి. మీకిచ్చింది మిథిలీన్ బ్లూ అయితే, ఫిల్టర్‌లో మిగిలిన కాస్త బ్యాక్టీరియాను కూడా అది దెబ్బతీస్తుంది. ప్రస్తుతానికి రోజూ పావువంతు నీరు మార్చండి. కొత్త నీటిని ముందురోజే పట్టి ఎయిర్ పంప్ పెట్టి ఉంచండి, లేదా యాంటీ క్లోరిన్ వాడండి. తెలిసినవారి ఇంట్లో జబ్బులేని పాత తొట్టి ఉంటే, వారి స్పాంజిలో ఒక ముక్క అడిగి తెచ్చి మీ ఫిల్టర్‌లో పెట్టండి. దీన్ని మించిన మందు లేదు.

మేత మూడు రోజులు ఆపండి. ఆ తర్వాత లైటు ఆర్పాక, కరిగించిన బ్లడ్ వార్మ్స్‌ను చెంచాలో సగం మాత్రమే గొట్టం ముందు వేయండి. ఒక గంటలో మిగిలినది సన్నని పైపుతో తీసేయండి. రాత్రి తినే చేపను పెంచేవారు చేసే పొరపాటు ఇదే: అది తిన్నదో లేదో చూడకుండా నిద్రపోతారు, మిగిలిన తిండి ఎనిమిది గంటలు నీటిలో కుళ్లుతుంది. మసక ఎర్ర బల్బు పెట్టుకుంటే గమనించడానికి వీలవుతుంది. పొట్ట కింద ఉండే పొడవాటి రెక్కను అలలుగా ఆడిస్తూ, ముందుకు ఎంత సులువుగా వెళుతుందో వెనక్కీ అంతే సులువుగా, తోక ముందుగా గొట్టంలోకి దూరిపోయే దృశ్యం చూసినకొద్దీ చూడాలనిపిస్తుంది. కళ్లకన్నా అది తాను పుట్టించే బలహీనమైన విద్యుత్ క్షేత్రాన్నే నమ్ముకుంటుంది, అమెజాన్ చీకట్లో దారి తెలుసుకునేదీ ఎర పసిగట్టేదీ దానితోనే.

మరొక మాట, ఇది నలభై సెంటీమీటర్లకు పైగా పెరుగుతుంది. 80 లీటర్లు దానికి తాత్కాలికం మాత్రమే. గోల్డ్ ఫిష్‌లను వేరుచేయండి, అవి ఎక్కువ వ్యర్థాలు వదులుతాయి, వాటికి చల్లని నీరు కావాలి.

జవాబు – రాజమహేంద్రవరం నుంచి

పై మాటలన్నిటితో ఏకీభవిస్తాను. నేను గోదావరి జెల్లలను పెంచుతున్నాను, అవి కూడా రాత్రే తిరుగుతాయి, పగలు రాయి కింద నుంచి మీసాలు మాత్రమే కనిపిస్తాయి. నా అనుభవంలో వేసవిలో నీరు 32 డిగ్రీలు దాటితే ఆక్సిజన్ తగ్గి, అదే సమయంలో కరెంటు పోతే తెల్లవారేసరికి నష్టం జరిగిపోతుంది. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ ఒకటి తప్పక ఉంచుకోండి. మురుగు కాలువల్లో పట్టి అమ్మే ట్యూబిఫెక్స్ పురుగుల జోలికి వెళ్లకండి, వాటితో రోగాలు వస్తాయి.

ప్రశ్న అడిగినవారు – పన్నెండు రోజుల తర్వాత

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. మందు వేయలేదు. మొదటి పరీక్షలో అమోనియా లీటరుకు 2 మిల్లీగ్రాములు, పీహెచ్ 8 వచ్చాయి. రోజూ పావువంతు మార్చాను, గోల్డ్ ఫిష్‌లను మా అన్నయ్యగారి తొట్టికి పంపి, వారి ఫిల్టర్ స్పాంజిలో సగం తెచ్చాను. నిన్న రాత్రి పదకొండు దాటాక అది గొట్టం నుంచి ముక్కు బయటపెట్టి, నెమ్మదిగా వచ్చి నాలుగు పురుగులు తిని వెనక్కి వెళ్లింది. అమోనియా సున్నా అయింది గానీ నైట్రైట్ ఇంకా 0.5 ఉంది. నీరు మార్చడం ఆపవచ్చునా?

జవాబు – హైదరాబాద్ నుంచి

అప్పుడే ఆపకండి. నైట్రైట్ చేప రక్తం ఆక్సిజన్ మోయకుండా అడ్డుకుంటుంది. అది వరుసగా వారం రోజులు సున్నా చూపించేదాకా కొనసాగించి, ఆ తర్వాత వారానికి ఒకసారి పావువంతుకు తగ్గించండి. మేత మాత్రం ఇప్పుడే పెంచకండి, ఈ వారమంతా ఆ నాలుగైదు పురుగులే వేయండి.