నల్లజుట్టును ఇంట్లో బ్లాండ్ చేయాలంటే: 30 వాల్యూమ్‌తో ఒక్కసారా, 20తో రెండు విడతలా?

వంకీలపాయ:
భుజాల వరకు ఉన్న ఒత్తైన నల్లజుట్టు, ఇప్పటిదాకా రంగు పడలేదు. ఇంట్లోనే బ్లాండ్ చేయాలి. బ్లీచ్ పొడిలో 30 వాల్యూమ్ డెవలపర్ (పొడిలో కలిపే పెరాక్సైడ్ ద్రావణం) పెట్టి ఒక్క పూటలో తేల్చేయమని కొందరు, 20 దాటితే జుట్టు చేతికి ఊడి వస్తుందని కొందరు. రెండిట్లో జుట్టుకు తక్కువ చేటు ఏది? కారణాలతో చెప్పండి, కొలతలు కూడా.

పసుపుతొక్క:
30. జుట్టు ఎంత లేతరంగో చెప్పే, ఒకటి నుంచి 10 వరకు ఉన్న మెట్లలో నల్లజుట్టుది 1 లేదా 2. బ్లాండ్ అనిపించుకోవాలంటే 9కి ఎక్కాలి. దారిలో ముదురు ఎరుపు, ఎరుపు నారింజ, నారింజ, బంగారు పసుపు, పసుపు, ఆఖరున అరటితొక్క లోపలి రంగు. 20తో మొదటి విడత 50 నిమిషాలు ఉంచినా చాలామటుకు నారింజ దగ్గరే చతికిలబడుతుంది. ఇక రెండో విడత తప్పదు. అంటే క్షారం రెండుసార్లు, జుట్టు ఉబ్బడం రెండుసార్లు, తడిజుట్టు చిక్కుపడటం రెండుసార్లు. 30తో అదే చోటికి 30, 35 నిమిషాల్లో చేరుకోవచ్చు. మందు కింద జుట్టు ఎంతసేపు ఉందన్నదే అసలు చేటు.

దువ్వెనపళ్లు:
మీ లెక్క బాగానే ఉందండీ, అందులో చెయ్యి ఒక్కటే లేదు. ఒత్తైన జుట్టుకు, ఒక్కరే, అద్దం చూసుకుంటూ తల వెనక కూడా మందు పట్టించాలంటే అలవాటున్నవాళ్లకే 25, 30 నిమిషాలు పడుతుంది. చివరి పాయకు మందు తగిలేసరికి మొదటి పాయ సగం పైగా ఉడికిపోయి ఉంటుంది. 20తో అయితే ఆ తేడా ఒక మెట్టు. 30తో రెండు మెట్లు. తల మీద ఒకచోట పసుపు, ఒకచోట నారింజ, మధ్యలో మచ్చలు. వాటిని సరిచేయడానికి మళ్లీ మందు పెట్టాల్సిందే కదా? మీరు తప్పిద్దామనుకున్న రెండో విడత చివరికి వచ్చి కూర్చుంటుంది, అదీ అప్పటికే అలిసిన జుట్టు మీద.

సల్ఫర్‌బంధం:
ఇద్దరూ డెవలపర్ అంకె చుట్టూనే తిరుగుతున్నారు. 10 వాల్యూమ్ అంటే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, 20 అంటే 6, 30 అంటే 9, 40 అంటే 12. లీటరు ద్రావణం పూర్తిగా విడిపోతే ఎన్ని లీటర్ల ఆక్సిజన్ వస్తుందో అదే ఆ అంకె. అది సీసాలో లెక్క. ఒక పాలు పొడికి రెండు పాళ్లు డెవలపర్ కలిపితే గిన్నెలో 6 శాతం కాస్తా 4 అవుతుంది, 9 కాస్తా 6.

పొడిలో ఉండేవి పొటాషియం, అమ్మోనియం, సోడియం పర్‌సల్ఫేట్లు, వాటితోపాటు సిలికేట్ల వంటి క్షారాలు. మందు పీహెచ్ 10 దాటేది వాటివల్లే. ఆ క్షారంలో పైపొర పొలుసులు విచ్చుకుంటాయి, పెరాక్సైడ్ లోపలికి దిగి జుట్టుకు రంగునిచ్చే మెలనిన్ రేణువులను కరిగిస్తుంది, పర్‌సల్ఫేట్ తోడై రంగు విరగ్గొడుతుంది. నలుపు, గోధుమ రంగులిచ్చే యూమెలనిన్ ముందు పోతుంది. ఎర్రటి ఫియోమెలనిన్ మొండిది. నారింజ దగ్గర ఆగిపోయినట్టు అనిపించేది అందుకే. మందు చచ్చిపోయిందనుకుని అక్కడ డెవలపర్ అంకె పెంచేస్తుంటారు.

ఇదే మందు జుట్టును గట్టిగా పట్టి ఉంచే సల్ఫర్ బంధాలను కూడా సిస్టెయిక్ ఆమ్లంగా మార్చేస్తుంది. మామూలు బ్లీచింగ్‌లోనే 15 నుంచి 25 శాతం బంధాలు పోతాయి, మోతాదు మించితే 45 శాతం దాకా. ఆ రూపంలో పోయినవి తిరిగి అతుక్కోవు. కాబట్టి చేటు సమయానిదీ, గాఢతదీ, పీహెచ్‌దీ, వేడిదీ. నాలుగూ కలిసి పనిచేస్తాయి. సమయం ఒక్కటే అన్నది తప్పు, అంకె ఒక్కటే అన్నదీ తప్పే.

పసుపుతొక్క:
మచ్చల మాట ఒప్పుకుంటాను. కానీ దానికి విరుగుడు 20 కాదు, పక్కన ఇంకో మనిషి. ఇద్దరు చెరో సగం పట్టుకుంటే 12, 15 నిమిషాల్లో అయిపోతుంది. అప్పుడు 30కి అభ్యంతరం ఏమిటి?

కొసచీలిక:
అభ్యంతరం మాడు. కుదుళ్ల దగ్గర ఒక సెంటీమీటరున్నర జుట్టు ఒంటి వేడికి మిగతా దానికన్నా వేగంగా తేలుతుంది. 30ని మొదట్లోనే కుదుళ్లకు పూస్తే అక్కడ లేతపసుపు, కింద నారింజ. తల మీద దీపం పెట్టినట్టు ఉంటుంది. పైగా చర్మం కాలే అవకాశమూ ఎక్కువ. 40 సంగతి ఎత్తకుండా ఉన్నందుకు సంతోషం, అది మాడుకు తగిలేలా వాడేది కానే కాదు.

ఇంకో సంగతి, మీ ముగ్గురూ వదిలేసినది: పాయ పరీక్ష. 20, 30 అని ఇక్కడ కొట్టుకునే బదులు ఆ జుట్టునే అడగొచ్చు కదా. మెడ వెనక లోపలి పొర నుంచి, బయటకు కనపడని చోట, 30, 40 వెంట్రుకల పాయలు రెండు కత్తిరించి ఒక కొస దారంతో కట్టండి. ఒకదానికి 20, ఇంకోదానికి 30. ఒక్కోదానికి 5 గ్రాముల పొడి, 10 మిల్లీలీటర్ల డెవలపర్ చాలు. పది నిమిషాలకొకసారి తుడిచి రంగు చూసి రాసుకోండి. 50 నిమిషాలకు ఆపి కడిగి, తడిగా ఉండగానే రెండు చేతులా సాగదీయండి. కొంచెం సాగి వెనక్కి వస్తే బాగున్నట్టు. రబ్బరులా సాగి అలాగే ఉండిపోయినా, నూడుల్స్‌లా తెగినా ఆ దారి మూసుకుపోయినట్టే. తలకు పట్టించాక తెలుసుకుంటే చేయగలిగింది ఏమీ ఉండదు.

చర్మ పరీక్ష వేరు. కలిపిన మందు చిన్న చుక్క మోచేతి లోపలి మడత దగ్గర పెట్టి, పొట్లం మీద రాసినంత సేపు ఉంచి కడిగి, 48 గంటలు చూడండి. పర్‌సల్ఫేట్లు పడనివాళ్లకు దద్దుర్లు, తుమ్ములు, ఉబ్బసం వస్తాయి. ఉబ్బసం ముందే ఉన్నవాళ్లు ఈ పొడి జోలికే పోకూడదు.

గోరింటపండు:
జుట్టుకు ఇదివరకు హెన్నా పెట్టి ఉంటే కూడా ఇదే లెక్కా?

సల్ఫర్‌బంధం:
కాదు. కలుపు లేని గోరింటాకు రంగు జుట్టులోని ప్రోటీన్ అయిన కెరటిన్‌కు అంటుకుపోతుంది కాబట్టి బ్లీచ్‌కు సరిగా పోదు, ఏ వాల్యూమ్ పెట్టినా నారింజ మిగులుతుంది. నీలిమందు ఆకు కలిసి ఉంటే పచ్చటి ఛాయ తేలొచ్చు. అసలు ప్రమాదం లోహ లవణాలు కలిపిన హెన్నా పొడులూ, రోజూ రాసుకుంటే తెల్లజుట్టు మెల్లగా నల్లబడే ద్రావణాలూ. ఆ లోహం పెరాక్సైడ్‌ను ఒక్కసారిగా విడగొడుతుంది, జుట్టు వేడెక్కి పొగలు కూడా రావొచ్చు. కొసచీలిక గారు చెప్పిన పాయ పరీక్షలోనే ఇది బయటపడుతుంది: పాయ వేడెక్కినా, బుడగలు పొంగినా, రంగు వింతగా మారినా బ్లీచ్ మానుకోవాలి. కలిపే గిన్నె, బ్రష్ ప్లాస్టిక్‌వే ఉండాలనడానికీ కారణం ఇదే. నీళ్లలోని రాగి కూడా జుట్టులో పేరుకుని కొంత ఇలాగే చేస్తుంది. లోహాలను పట్టి బయటకు లాగే ఈడీటీఏ ఉన్న షాంపూతో రెండు మూడు రోజుల ముందు ఒకసారి కడిగితే మంచిది.

దువ్వెనపళ్లు:
వంకీలపాయ గారు కొలతలు అడిగారు కాబట్టి 20తో మొదటి విడత మొత్తం రాస్తున్నాను. 30 వాడేవాళ్లు ఏది మార్చుకుంటారో వాళ్లిష్టం.

ఒకటి రెండు రోజుల ముందు నుంచి తలస్నానం వద్దు, మాడు గోకొద్దు. గీతలు పడిన చర్మానికి మందు తగిలితే భగ్గుమంటుంది. జుట్టు పొడిగా, చిక్కు లేకుండా ఉండాలి. నుదుటి అంచున, చెవుల మీద, మెడ మీద పెట్రోలియం జెల్లీ. నైట్రైల్ గ్లోవ్స్. కిటికీ తెరిచి ఉంచాలి, పొడిని గిన్నెలోకి నెమ్మదిగా వంపాలి, ఆ దుమ్ము ఊపిరిలోకి పోకూడదు.

పొడి 1, డెవలపర్ 2. పొట్లం మీద వేరే పాళ్లు రాసి ఉంటే అదే పాటించాలి. వంటింటి తూకంతో తూచండి, చెంచాలు నమ్మొద్దు. భుజాల వరకు ఉన్న ఒత్తైన జుట్టుకు 40 గ్రాముల పొడి, 80 మిల్లీలీటర్ల డెవలపర్ చొప్పున రెండుసార్లు, ఆ తరువాత కుదుళ్లకు 20కి 40. అంతా ఒకేసారి కలపకూడదు, కలిపిన క్షణం నుంచే మందు బలం తగ్గుతూ వస్తుంది.

తలను పాపిటతో నిలువుగా, చెవి నుంచి చెవికి అడ్డంగా నాలుగు భాగాలు చేసి క్లిప్పులు పెట్టండి. మెడ దగ్గర నుంచి మొదలు, నుదుటి మీద సన్నజుట్టు ఆఖర్న. అర సెంటీమీటరు కంటే మందంగా పాయ తీయొద్దు. వెలుతురుకు పట్టుకుంటే అవతలి పక్క వేళ్లు కనపడాలి. మాడుకు ఒకటిన్నర సెంటీమీటర్లు వదిలి కొసల దాకా రెండు వైపులా దట్టంగా పూయాలి. మందు తక్కువైతే ఎండిపోతుంది, ఎండిన చోట పని ఆగిపోతుంది. చాలామంది పొడి మంచిది కాదని తిట్టుకునే మచ్చల్లో సగం ఇలా ఎండినవే. పైన పల్చటి ప్లాస్టిక్ కవర్ కప్పండి, డ్రైయర్ వేడి పెట్టకండి. జుట్టు నారింజకు వచ్చాక, అంటే సుమారు 20, 25 నిమిషాలకు, కొత్తగా కలిపిన మందు కుదుళ్లకు. 5 నిమిషాలకొకసారి ఒక పాయ తుడిచి చూస్తూ ఉండాలి. ఏ పాయకైనా మొత్తం 50 నిమిషాలు దాటకూడదు, రంగు ఎక్కడున్నా సరే. కొంచెం దురద మామూలే. మంట పుడితే గడియారం చూడకుండా కడిగేయాలి. బొబ్బలు వచ్చినా, ఊపిరి అందకపోయినా డాక్టరు దగ్గరికి.

కడగడం గోరువెచ్చని నీళ్లతో, జారుడు పోయేదాకా. తరువాత తేలికపాటి షాంపూ, ఆపైన ఆమ్ల గుణం ఉన్న కండిషనర్.

పసుపుతొక్క:
కుదుళ్లకు 20 అన్నది నేనూ ఒప్పుకుంటా. మధ్య జుట్టుకు మాత్రం, ఇద్దరు మనుషులుంటే, పాయ పరీక్షలో నిలబడితే, 30. ఇంతకన్నా దిగను. ఇంకోటి, కొబ్బరినూనె రాత్రంతా పెట్టుకుని దాని మీదే బ్లీచ్ వేయాలా వద్దా అనేది కూడా తేల్చండి.

సల్ఫర్‌బంధం:
కొబ్బరినూనె జుట్టు లోపలికి దిగుతుంది, తడిసినప్పుడు జుట్టు ఉబ్బడాన్నీ, దువ్వేటప్పుడు ప్రోటీన్ పోవడాన్నీ తగ్గిస్తుంది. అది నిజం. దాన్ని పట్టుకుని పర్‌సల్ఫేట్‌ను కూడా ఆపేస్తుందనడం సాగదీయడం. కొంచెం రాస్తే నష్టం లేదు. కారేలా పట్టిస్తే మందు పట్టడమే ఎగుడుదిగుడుగా ఉంటుంది. జుట్టు బంధాలను కాపాడతాయని అమ్మే బాండ్ బిల్డర్లదీ దాదాపు అదే కథ. ఓలాప్లెక్స్ లాంటివి కొంత కాపాడొచ్చు గానీ, అది కలిపాం కదా అని 70 నిమిషాలు ఉంచడం మోసపోవడమే. మందులో ఏది కలిపినా పాళ్లు మారతాయి, ఆ ఉత్పత్తి మీద రాసిన చుక్క కూడా మించకూడదు.

వంకీలపాయ:
మరి మొదటి విడత నారింజ దగ్గర ఆగితే, అదే రోజు రెండోది పెట్టేయొచ్చా? లేక టోనర్‌తో ఆ నారింజ పోతుందా?

కొసచీలిక:
టోనర్ రంగును ఎత్తదు, కప్పుతుంది. ఊదా టోనర్ పసుపును, నీలం టోనర్ నారింజను అణుస్తాయి. నారింజ మీద ఊదా షాంపూ ఎన్నిసార్లు రుద్దినా రాగిబిందె తోమినట్టే, ఇంకాస్త మెరుస్తుంది. నారింజ దగ్గర నీలం టోనర్ వేస్తే లేత గోధుమ వస్తుంది, బ్లాండ్ రాదు. కానీ రెండు విడతల మధ్య బయట తిరగడానికి అదే మేలు. అరటితొక్క రంగు వచ్చాకే ఊదా టోనర్, 10 వాల్యూమ్ డెవలపర్‌తో, పొట్లం మీది పాళ్లలో. దాన్ని 3 నిమిషాలకొకసారి చూడాలి. ఎండిపోయినట్టున్న కొసలు ముందే పీల్చేసుకుని బూడిదరంగుకు తిరుగుతాయి, అందుకే కొసలకు ఆఖర్న.

అదే రోజు రెండోదంటే నా మాట వద్దు. రెండు వారాలు ఆగండి.

పసుపుతొక్క:
సాగదీత పరీక్ష నెగ్గితే అదే రోజు పెట్టేవాళ్లు ఉన్నారు, జుట్టు నిలబడుతుంది కూడా. రెండు వారాల్లో తెగిన బంధాలేమీ అతుక్కోవని పైన మీవాళ్లే రాశారు. మరి ఆగి ప్రయోజనం?

దువ్వెనపళ్లు:
ఆగేది అతుక్కోవడానికి కాదండీ. తడిగా ఉన్నప్పుడు బాగున్నట్టు కనిపించిన జుట్టు నాలుగు తలస్నానాలు, నాలుగు దువ్వడాలు అయ్యాకే అసలు సంగతి చెబుతుంది. మాడు కూడా అప్పటికి చల్లబడుతుంది. పరీక్ష నెగ్గినా అదే పూట రెండోది పెట్టడం సెలూన్‌లో వేరు, ఇంట్లో వేరు. రెండో విడతలో మందు నారింజగా ఉన్న చోటికే, పసుపు వచ్చిన జుట్టు మీదికి పాకనివ్వకూడదు. పాకిన గీత దగ్గరే తెగుతుంది. ఆరు, ఎనిమిది వారాలకు కుదుళ్లు నల్లగా పెరిగినప్పుడు కూడా ఇదే సూత్రం: పెరిగిన మేరకే మందు, గీత కింద జుట్టుకు కండిషనర్ పూసి అడ్డుకట్ట.

సల్ఫర్‌బంధం:
ఇంకొక్కటి, ఇది వాల్యూమ్‌తో సంబంధం లేనిది. మిగిలిన కలిపిన మందును రెండో విడతకు పనికొస్తుందని సీసాలో పోసి మూత బిగించకండి. ఆక్సిజన్ వస్తూనే ఉంటుంది, సీసా పగులుతుంది. బోలెడు నీళ్లు కలిపి పారబోయండి.