కెంపేర్ జంట బొమ్మ: అడుగున ఉన్న పేర్లు ఎవరివి?

లానియన్ తమ్ముడు:
నమస్తే. ఇక్కడ ఫ్రాన్స్‌లోని బ్రిటనీలో పాత సామాన్ల సంతలో ఒక మట్టి బొమ్మ నచ్చింది. డాన్సు చేస్తున్న జంట. ఆమె తల మీద పొడుగాటి తెల్ల టోపీ. అడుగున ‘ఆన్రియో కెంపేర్’, ఒక నంబరు, రెండు పొడి అక్షరాలు. పీఠం అంచున ‘మిషో-వెర్నే’ అని గీసి ఉంది. 1930ల నాటిది, 180 యూరోలకు తక్కువైతే కుదరదంటున్నాడు అమ్మేవాడు. టోపీ కొసన తెలుపు కాస్త తేడాగా ఉంది. కొనొచ్చా?

ఫాయాన్స్ పిచ్చి అక్క:
తమ్ముడూ, పీఠం మీద పేరే శిల్పిది. రొబేర్ మిషో-వెర్నే (1907–1989), బ్రెస్ట్‌లో పుట్టాడు. డాన్సు జంటలంటే ఆయన తర్వాతే ఎవరైనా. పొడి అక్షరాలు రంగులేసినవాళ్లవి. నంబరేమో సంవత్సరం కాదు, అలా చెప్పి అంటగట్టేవాళ్లున్నారు, జాగ్రత్త.

ఆన్రియో అంటే కెంపేర్ ఊళ్లోని ఫ్యాక్టరీ. వాళ్లు మొదట అడుగున హెచ్‌ఆర్ అని వేసేవారు. పోటీ ఫ్యాక్టరీ హెచ్‌బీ గొడవపడితే 1922 నుంచి పూర్తి పేరు వేశారు. 1968లో రెండూ కలిసిపోయాయి, కాబట్టి రెండు పేర్లూ కలిపి ఉంటే ఆ తర్వాతి సరుకే. నీది అలా లేదు, మంచిదే. కానీ అచ్చులు ఫ్యాక్టరీ దగ్గరే ఉంటాయి కదా, తర్వాతైనా మళ్లీ పోయొచ్చు, శిల్పి పేరు చూసి 1930లదని నమ్మేయకు.

ఆ టోపీ పోన్-లాబే వైపు బిగూడెన్ ఆడవాళ్లది. నా అనుమానం అంతా దాని మీదే. ఈ ఫాయాన్స్ మన ఊరగాయ జాడీ అంత గట్టిది కాదు. తక్కువ వేడిలో కాల్చిన మట్టి, పైన తగరం కలిపిన తెల్ల గ్లేజు. టోపీ కొసలు, వేళ్లు, ముక్కు ముందు ఎగిరిపోతాయి. చీకట్లో యూవీ టార్చి వెయ్యి, అతికిన చోటు వేరేగా మెరుస్తుంది.

రెన్ మామయ్య:
నాకు జంటలకన్నా హెచ్‌బీలో బెర్త్ సావిన్యీ చేసిన చిన్నపిల్లల బొమ్మలే ముద్దు. మరో శిల్పి జిమ్ సెవెల్లెక్‌వీ బాగుంటాయి. ముందు కెంపేర్‌లో లొక్‌మారియా పేటలోని ఫాయాన్స్ మ్యూజియం చూసిరా. ఏ నెలల్లో తెరుస్తారో కనుక్కుని వెళ్లు.

లానియన్ తమ్ముడు:
అక్కా, టార్చి వేస్తే టోపీ పైభాగం మొత్తం మెరిసింది! అతనికే చూపించా. 90కి ఇచ్చేశాడు. దుమ్ము బాగా పట్టింది, నీళ్లలో పెట్టి కడగనా?

ఫాయాన్స్ పిచ్చి అక్క:
అయ్యో, వద్దు! గ్లేజు పగుళ్లలోంచి నీళ్లు లోపలికి దిగితే మచ్చలు పడతాయి. పిండిన తడిబట్టతో తుడువు చాలు. అతుకు జోలికి మాత్రం పోకు.